వీధి నుంచి కొలవండి: 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ కింద నడిచే ఒక ఉద్యోగి బహిరంగ లేఖ

సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ ప్రణాళికా దరఖాస్తుల ఉపసంఘం అధ్యక్షులకు, సభ్యులకు,
గిల్డ్‌హాల్, లండన్.

గౌరవనీయులారా,

నేను ఈస్ట్ హామ్‌లో కాపురముంటున్నాను. తొమ్మిదేళ్ళుగా వారానికి నాలుగు రోజులు డిస్ట్రిక్ట్ లైన్ రైల్లో మాన్యుమెంట్ స్టేషన్‌లో దిగి, ఈస్ట్‌చీప్ వీధి మీదుగా ఆఫీసుకు నడిచి వెళ్తున్నాను. ఆ దారిలో ఎడమ వైపు నెత్తి మీదకు వంగి చూస్తున్నట్టుండే గాజు భవనం 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్. ఊరంతా దాన్ని ‘వాకీ టాకీ’ అంటుంది. దాని గురించి, దాన్ని సాకుగా తీసుకుని మీ ముందుకు రాబోయే మరికొన్ని భవనాల గురించి, మీకు ఒక విన్నపం చేసుకోవడానికే ఈ లేఖ.

దీని ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. లండన్ మహానగరం నడుమ ‘చదరపు మైలు’ అని పేరుపడ్డ చిన్న వ్యాపార నగరం మీ సిటీ ఆఫ్ లండన్; అక్కడి బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. పొద్దున ఎనిమిదింటికి మాన్యుమెంట్ మెట్లెక్కి పైకి వచ్చేసరికి ‘వచ్చేశానే, రెండు నిమిషాలు’ అని ఎవరో ఒకరు ఫోన్లో అంటుండగా వినని రోజు నాకు ఉండదు. 2021 జనాభా లెక్కల ప్రకారం మీ నగరంలో నివసించేవారు సుమారు 8,600 మంది మాత్రమే కాగా, పనికి వచ్చిపోయేవారు 6 లక్షలకు పైమాటే. నివాసులకు ఓటుంది, కంపెనీలకు తమ సిబ్బంది సంఖ్యను బట్టి ఓటర్లను నియమించుకునే హక్కూ ఉంది. కాంట్రాక్టు మీద పనిచేసే నన్ను ఏ కంపెనీ తన ఓటరుగా పంపలేదు, పంపుతుందన్న ఆశా లేదు. కాబట్టి ఓటు చేయవలసిన పని ఈ లేఖ చేత చేయించుకుంటున్నాను.

ముందుగా ఆ భవనం సంగతి. ఎత్తు 160 మీటర్లు, అంతస్తులు 38, రూపశిల్పి ఉరుగ్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రఫాయెల్ విన్యోలీ. 1968లో కట్టిన 91 మీటర్ల పాత ఆఫీసు భవనాన్ని 2008లో కూల్చి, ఆ స్థలంలో దీన్ని లేపారు, 2014లో పూర్తయింది. మామూలుగా ఏ గోపురమైనా, ఏ మేడైనా పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇది మాత్రం పైకి పోయేకొద్దీ లావెక్కుతుంది. కారణం రహస్యమేమీ కాదు: ఎత్తు పెరిగేకొద్దీ అద్దె పెరుగుతుంది, కాబట్టి ఎక్కువ అద్దె వచ్చే చోట ఎక్కువ నేల దొరకాలి. వ్యాపారం దృష్ట్యా దీన్ని తప్పు పట్టలేం. 2017లో హాంకాంగ్‌కు చెందిన లీ కుమ్ కీ సంస్థ, అంటే ఆయిస్టర్ సాస్ సీసాల మీద మనం చూసే పేరే, దీన్ని సుమారు 128 కోట్ల పౌండ్లకు కొన్నది. బ్రిటన్‌లో ఒక్క ఆఫీసు భవనానికి అప్పటివరకు అంత ధర పలకలేదు. అయితే పైన పెరిగిన ప్రతి చదరపు అడుగూ కింద వీధి మీద ఎంతో కొంత ఆకాశాన్ని మూస్తుంది. అమ్మకం లెక్కలో ఆ ఆకాశానికి ధర కట్టినవారు లేరు.

ఈ భవనం మొదటి ప్రతిపాదనలో దాదాపు 200 మీటర్లు ఉండేది. సెయింట్ పాల్స్ చర్చి గోపురం, టవర్ ఆఫ్ లండన్ కోట వైపు చూసే చూపు దెబ్బతింటుందన్న అభ్యంతరాలు వచ్చాక ఎత్తు తగ్గించారు. మిగతా ఆకాశహర్మ్యాలన్నీ ఉత్తరాన లెడెన్‌హాల్, బిషప్స్‌గేట్ చుట్టుపక్కల గుంపుగా ఉండగా, ఇదొక్కటీ ఆ గుంపును వదిలి నది వైపు విడిగా నిలబడటం వల్ల వివాదం పెద్దదై, 2007లో ప్రభుత్వం బహిరంగ విచారణ జరిపించి మరీ అనుమతి ఇచ్చింది. ఆ అనుమతికి బలం చేకూర్చిన మాటల్లో ముఖ్యమైనది, భవనం నెత్తిన ప్రజలందరికీ ఉచితంగా ఒక తోట ఉంటుందన్నది. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

2013 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో జరిగినది మీకు నేను చెప్పనక్కరలేదు. నేను ఈ ఊరు రాకముందే జరిగినా, ఆఫీసులో చేరిన మొదటి వారంలోనే నాకది కథలా చెప్పారు. భవనం దక్షిణపు గోడ లోపలికి వంగి ఉంటుంది. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం గుర్తున్న ఎవరికైనా అది పుటాకార దర్పణమని చూడగానే తెలుస్తుంది. సూర్యుడు ఒక ప్రత్యేకమైన ఎత్తులో ఉండే ఆ రెండు మూడు వారాల్లో, రోజుకు దాదాపు రెండు గంటలసేపు, ఆ అద్దం తన మీద పడ్డ ఎండనంతా పోగుచేసి ఈస్ట్‌చీప్ మీదకు వొంచింది. అక్కడ ఆపి ఉన్న జాగ్వార్ కారు పక్క అద్దం, ప్లాస్టిక్ భాగాలు, గుర్తుబిళ్ళ కరిగి వంకర తిరిగాయి. మరమ్మతుకు యజమానికి 946 పౌండ్లు చెల్లించారు. ఎదురుగా ఉన్న మంగలి దుకాణం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా కాలింది. పత్రికల వాళ్ళు ఉష్ణమాపకాలు తెచ్చి పెడితే 90 డిగ్రీలు దాటింది. ఒక విలేకరి పెనం తెచ్చి నడివీధిలో గుడ్డు వేయించి చూపించాడు. రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయన్న మాట విని పెరిగిన మాకు, లండన్ ఎండలో గుడ్డు ఉడికిందంటే మొదట నమ్మకం కలగలేదు. మూడు పార్కింగు స్థలాలు మూసేశారు, దుకాణాల ముందు రెండంతస్తుల ఎత్తున పరంజా కట్టి వల దించారు, చివరికి 2014లో దక్షిణపు గోడ పొడవునా అడ్డంగా అల్యూమినియం రెక్కలు బిగించారు. ఈ రోజుకీ కాలిబాట మీద నిలబడి తలెత్తితే ఆ రెక్కలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. తెలియనివారు అలంకారమనుకుంటారు.

నన్ను ఆలోచింపజేసినది ఎండ కాదు, ఆ తర్వాత బయటికి వచ్చిన మాట. తన మొదటి నమూనాలో దక్షిణపు గోడకు అడ్డంగా ఎండ తెరలు ఉన్నాయని, అవి ఖర్చు తగ్గింపులో ఎగిరిపోయాయని విన్యోలీయే పత్రికలకు చెప్పారు. అదే శిల్పి లాస్ వెగాస్‌లో కట్టిన వ్డారా హోటల్ వంపు గోడ, అంతకు మూడేళ్ళ ముందే, 2010లో ఈత కొలను దగ్గర పడుకున్నవారి మీదకు ఇలాగే ఎండను పోగేసిన సంగతి కూడా అప్పటికి అందరికీ తెలిసినదే. అంటే ప్రమాదమూ తెలుసు, దానికి మందూ తెలుసు, మందు చీటీ మీద రాసి కూడా ఉంది. మధ్యలో ఎక్కడో ఆ చీటీలో ఒక పంక్తి కొట్టేశారు. విన్యోలీ 2023లో కన్నుమూశారు, ఇప్పుడు ఆయన మీద నేరం మోపడం నా ఉద్దేశం కాదు. ఆ పంక్తి కొట్టివేతకు ఎవరి సంతకం కావాలన్నదే నా ప్రశ్న.

నా మొదటి విన్నపం ఇక్కడే. ఎండను, గాలిని అడ్డుకోవడానికి నమూనాలో చూపిన ఏ భాగాన్నైనా, అది రెక్క కానివ్వండి, చూరు కానివ్వండి, చెట్టు కానివ్వండి, అనుమతి వచ్చాక తీసేయాలన్నా తగ్గించాలన్నా, దాన్ని అధికారి బల్ల మీద తేలిపోయే చిన్న సవరణగా లెక్కించకుండా, మళ్ళీ మీ సంఘం ముందు, బహిరంగ సమావేశంలో, దాని వల్ల వీధి మీద ఏమి మారుతుందో కొత్తగా వేసిన లెక్కతో సహా పెట్టించాలి. ఆ తర్వాతి కాలంలో ఎండ మెరుపు గురించి మీరు మార్గదర్శకాలు తెచ్చారని నాకు తెలుసు. మార్గదర్శకం దరఖాస్తు నాటి కాగితాన్ని పరీక్షిస్తుంది. నేను అడుగుతున్నది, కాగితం నుంచి కట్టడం దాకా మధ్యలో జారిపోయేవాటికి కాపలా.

గాలి సంగతి ఎండకన్నా తక్కువ మందికి తెలుసు, ఎందుకంటే గాలి ఫొటోకు చిక్కదు. లండన్‌లోనూ ఎక్కువగా వీచేది నైరుతి గాలే. మా ఊళ్ళకు వానలు మోసుకొచ్చే గాలి పేరే ఇక్కడ గొడుగులు విరిచే గాలికీ ఉంది. పొట్టి ఇళ్ళ మీదుగా నిరాటంకంగా వచ్చే ఆ గాలి ఒక ఎత్తైన గోడకు కొట్టుకుంటే, కొంత పక్కలకు చీలి, మిగతాది గోడ వెంబడి కిందికి దిగి, అడుగున సందుల్లో పడి వేగం పుంజుకుంటుంది. 2015లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ దగ్గర గాలి మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు, అనుకున్నదానికన్నా పరిస్థితి కొంత ఎక్కువగానే ఉందని మీ అధికారులే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి ఫలితంగానే 2019లో మీరు గాలి గురించి ప్రత్యేక మార్గదర్శకాలు ప్రచురించారు. భవనం ఎత్తును బట్టి గాలి సొరంగంలో నమూనా పెట్టి పరీక్షించడం, కంప్యూటరు లెక్క వేయించడం, నడిచేవారితో పాటు సైకిలు మీద పోయేవారి భద్రతను కూడా చూడడం అందులో ఉన్నాయి. యూరప్‌లో ఈ విషయంలో మీ నగరం ముందు వరసలో ఉందని వృత్తి నిపుణులు అంటే నేను కాదనను.

అయినా నా అనుభవం చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట ఒక నవంబరు సాయంత్రం, పేరు ఇక్కడ అవసరం లేని మరో ఎత్తైన భవనం మూల తిరుగుతుండగా, నా ముందు నడుస్తున్న పెద్దావిడ ఒక్కసారిగా ఆగిపోయింది. అడుగు ముందుకు వేయడానికి ప్రయత్నిస్తోంది, పడటం లేదు. చివరికి ఆమె పక్కనే ఉన్న సైకిళ్ళ కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. నేనూ ఇంకో అబ్బాయీ చెరో చెయ్యీ పట్టుకుని ఆమెను మూల దాటించాం. దాటాక పది అడుగుల్లో గాలి మామూలైపోయింది. ఆవిడ మాకు థాంక్స్ చెప్పి, జుట్టు సవరించుకుంటూ, ఇక్కడ ఎప్పుడూ ఇంతే అంది. ‘ఎప్పుడూ ఇంతే’ అన్న మాట ఏ నివేదికలోనూ నమోదు కాదు. ఎందుకంటే భవనానికి ముందు వేసిన అంచనాను, భవనం లేచాక ఉన్న వాస్తవంతో క్రమం తప్పకుండా పోల్చి, ఆ పోలికను నాబోటివాడు చదవగలిగే చోట పెట్టే అలవాటు లేదు.

అందుకే రెండో విన్నపం. 75 మీటర్లు దాటిన ప్రతి కొత్త భవనానికీ, జనం చేరిన మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదో ఏడాదిలో మరోసారి, వీధి మట్టంలో గాలిని, ఎండ మెరుపును నిజంగా కొలిపించండి; ఖర్చు యజమానిది, కొలిచేది మీరు నియమించినవారు. ఫలితాలను దరఖాస్తులోని అంచనాల పక్కన రెండో వరుసగా వేసి, భవనం ముఖద్వారం దగ్గర కాలిబాట మీద నుంచి చదవగలిగేలా ఒక పలక పెట్టించండి. నిర్మాణం జరుగుతున్నప్పుడు కంచె మీద రంగురంగుల బొమ్మలు అతికించడానికి వెనకాడని కంపెనీలు, పూర్తయ్యాక ఒక చిన్న పట్టిక అతికించడానికి వెనకాడకూడదు.

ఇంత ఖచ్చితంగా పనిచేయడం మీకు చేతకాని విద్య ఏమీ కాదు. సెయింట్ పాల్స్ గోపురం కనబడకుండా పోకూడదని 1938 నుంచి మీరు పాటిస్తున్న ఎత్తుల నియమాలు ఉన్నాయి. ఫ్లీట్ స్ట్రీట్ నుంచి ఆ గోపురం వైపు చూసే చూపు చెడకూడదనే, 225 మీటర్ల లెడెన్‌హాల్ భవనం ఒక వైపు ఏటవాలుగా వెనక్కి వాలింది. జనం దానికి ‘చీజ్ గ్రేటర్’ అని, మన భాషలో చెప్పాలంటే కొబ్బరి కోరులాంటిదని, పేరు పెట్టుకున్నారు. కిలోమీటరు అవతల నిలబడి గోపురం చూసేవాడి కోసం ఒక ఆకాశహర్మ్యం నడుం వంచింది. దాని కాళ్ళ దగ్గర నడిచేవాడి కోసం ఎంత వంచారు? అంతకన్నా పాత ఉదాహరణ మీ చరిత్రలోనే ఉంది. ఇప్పుడు నేను రైలు దిగే స్టేషన్‌కు పేరిచ్చిన స్తంభం, 1666లో పుడింగ్ లేన్‌లో రాజుకున్న మహాగ్నికి గుర్తుగా నిలిపినది. ఆ మంట తర్వాత, 1667లో వచ్చిన పునర్నిర్మాణ చట్టం ఇటుక, రాయి వాడాలనడంతో ఆగలేదు. సందులో ఇల్లయితే రెండంతస్తులు, చెప్పుకోదగ్గ వీధిలో మూడు, రాజవీధిలో నాలుగు అని, వీధి స్థాయిని బట్టి ఇంటి ఎత్తు నిర్ణయించింది. అంటే మూడున్నర శతాబ్దాల కిందట ఈ నగరంలో కొలత వీధి దగ్గర మొదలై ఇంటి మీదకు పోయేది. 311 మెట్లెక్కి ఆ స్తంభం మీద నిలబడితే ఇప్పుడు ఈశాన్యాన కనబడేదంతా, కొలత తలకిందులైతే ఏమవుతుందో చూపించే నమూనాలాగా ఉంటుంది. కాస్త ఘాటుగా అన్నానేమో, మన్నించండి.

ఇక ఆ పైనున్న తోట. 2015 జనవరిలో తెరిచారు. పై మూడు అంతస్తుల ఎత్తు కలిపి, గాజు కప్పు కింద, ఫెర్న్ చెట్లు, లావెండర్ పొదలు, మెట్లు మెట్లుగా మొక్కల వరసలు. నిజం చెప్పాలి, అందంగా ఉంటుంది. కిందటి ఏడాది మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు రెండు వారాల ముందే ఆన్‌లైన్లో టికెట్లు తీసుకుని తీసుకెళ్ళాను. టికెట్టుకు డబ్బు లేదు కానీ తేదీ, గంట ఉంటాయి. ఫిల్‌పాట్ లేన్ వైపు ద్వారం, వరుస, విమానాశ్రయంలోలా సంచుల తనిఖీ, ఆ తర్వాత లిఫ్టు. పైన అమ్మ థేమ్స్ నదిని, టవర్ బ్రిడ్జిని, కోటను తిరిగి తిరిగి చూసింది. గోదావరి వంతెనతో పోల్చి, ఇది పొట్టిదేనని తేల్చింది. తర్వాత మొక్కల దగ్గరకు వెళ్ళి ఒక ఆకు వేళ్ళతో పట్టి చూసి, “ఇంత ఎత్తున వీటికి నీళ్ళెవరు పోస్తార్రా?” అని అడిగింది. పోసేవాళ్ళున్నారమ్మా అన్నాను. “మరి ఎండిపోయిన ఆకు ఒక్కటీ లేదే,” అంది. మెచ్చుకుందో అనుమానించిందో నాకు అర్థం కాలేదు.

దాన్ని తోట అనవచ్చునేమో, ప్రజల తోట అనడానికి మాత్రం నాకు మనసు ఒప్పదు. ముందుగా గంట ఎంచుకుని పేరు నమోదు చేయించుకుని, సంచీ తెరిచి చూపించి, వచ్చినవాళ్ళ లెక్కలో చోటు మిగిలితే తప్ప టికెట్టు లేనివాడు ఎక్కలేని చోటు, ఎంత ఉచితమైనా, అతిథిగా వెళ్ళే చోటే. భోజన విరామంలో అరగంట దొరికిన గుమాస్తా అక్కడికి పోలేడు. ఇక పొద్దున నాలుగింటికి రాత్రి బస్సులో వచ్చి, ఆ అంతస్తులే తుడిచి, మేమంతా రాకముందే వెళ్ళిపోయే సఫాయి పనివాళ్ళ సంగతి చెప్పేదేముంది. భద్రతా కారణాలు ఉంటాయి, కాదనను. అయితే ఆ కారణాలు 2007లో కూడా ఉన్నాయి కదా. అప్పుడు చెప్పిన మాటలో ‘వరుస’ అన్న పదం ఎంత పెద్ద అక్షరాలతో రాశారో నాకు తెలుసుకోవాలని ఉంది.

వరుసలో నిలబడ్డప్పుడు అమ్మకు నేను చూపించినది ఇంకొకటి ఉంది. ఫిల్‌పాట్ లేన్ ఈస్ట్‌చీప్‌తో కలిసే మూల, ఒక పాత భవనం గోడకు తల ఎత్తి చూస్తే, ఒక జున్ను ముక్క కోసం కొట్టుకుంటున్న రెండు చిట్టెలుకల బొమ్మలుంటాయి. అరచేతిలో పట్టేంత బొమ్మలు. లండన్‌లో ఇంతకన్నా చిన్న శిల్పం లేదంటారు. పని చేస్తున్న ఇద్దరు మేస్త్రీలు, నా జున్ను నువ్వు తిన్నావంటే నువ్వు తిన్నావని ఎత్తు మీద కలబడి పడిపోయి చనిపోయారని, తిన్నవి ఎలుకలని తర్వాత తేలిందని, వాళ్ళ గుర్తుగా తోటివాళ్ళు చెక్కారని కథ. కథ నిజమో కాదో ఎవరూ తేల్చలేరు. రోజూ వేల మంది 155 మీటర్ల ఎత్తు చూపు కోసం ఆ సందులో వరుస కడతారు, ఎలుకలను చూసేవారు మాత్రం ఏ పదిమందిలో ఒకరో. అమ్మ చూసింది, ఫొటో తీయమంది. ఇంటికి వెళ్ళాక రాజమండ్రిలో చుట్టుపక్కల వాళ్ళకు చూపించిన మొదటి ఫొటో అదేనట.

అదే రోజు మధ్యాహ్నం జరిగినది కూడా రాయాలి. తోట దిగి వచ్చాక, కొద్ది దూరంలో మరొక ఆఫీసు భవనం ముందు విశాలమైన రాతి పరుపు, దాని అంచున కూర్చోడానికి సరిగ్గా సరిపోయే గ్రానైటు గట్టు కనబడ్డాయి. అమ్మ మోకాళ్ళ నొప్పికి అదే స్వర్గంలా తోచి కూర్చుంది. సంచీలోంచి పులిహోర డబ్బా తీసింది. మూత తెరిచీ తెరవక ముందే భద్రతా సిబ్బంది ఒకాయన వచ్చి, చాలా మర్యాదగా, ఇక్కడ తినడానికి వీల్లేదు, ఇది ప్రైవేటు స్థలం అన్నాడు. ఎక్కడ రాసి ఉందని అడిగితే, రాసి లేదు, అయినా అంతే అన్నాడు. అతన్ని నేను ఏమీ అనలేదు. అతనికి ఇచ్చిన ఉద్యోగం అది. అమ్మ మాత్రం రాతి పరుపు వైపు, పక్కనే ఉన్న కాలిబాట వైపు మార్చి మార్చి చూసి, “రోడ్డు ఎక్కడ అయిపోయిందిరా, వీళ్ళది ఎక్కడ మొదలైందిరా?” అంది. నేను చూపించలేకపోయాను, ఎందుకంటే రెండింటికీ ఒకే రాయి వేశారు.

ఆ తర్వాత మేం సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్‌కు వెళ్ళాం. మధ్యయుగం నాటి ఆ చర్చి 1666 మంటల్లో దెబ్బతిన్నది, వాస్తుశిల్పి క్రిస్టోఫర్ రెన్ దానికి కొత్త శిఖరం కట్టారు, 1941లో బాంబులు పడి గోడలు, శిఖరం మిగిలాయి. దాన్ని మీ కార్పొరేషనే 1967లో తీసుకుని, కప్పు లేని ఆ గోడల మధ్య తోట పెంచి 1971లో ప్రజలకు తెరిచింది. కిటికీల రాతి చట్రాల్లోంచి తీగలు అల్లుకుని ఉంటాయి, నడుమ నేల మట్టానికి ఒక చిన్న నీటి బుగ్గ. టికెట్టు లేదు, గంట లేదు, సంచీ ఎవరూ చూడరు. సూటు వేసుకున్నవాళ్ళు, హెల్మెట్టు పక్కన పెట్టుకున్న కూలీలు, సంచీలు మోసే డెలివరీ పిల్లలు బల్లల మీద సర్దుకు కూర్చుని తింటున్నారు. ఒకతను తన పక్కన ఉన్న కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని అమ్మకు చోటిచ్చాడు. అక్కడి నుంచి చూస్తే చెట్ల కొమ్మల మీదుగా వాకీ టాకీ తల కనబడుతుంది. పులిహోర తిన్నాం, ఆ అబ్బాయికి కూడా ఒక ముద్ద పెట్టింది అమ్మ, కారం ఎక్కువైందని మొహమాటంగా నవ్వాడు.

గౌరవనీయులారా, మూడో విన్నపానికి ఇంతకన్నా మంచి వాదన నా దగ్గర లేదు. ఎత్తైన భవనాల నుంచి మీరిప్పుడు పైన ఉచిత ప్రజాస్థలం అడుగుతున్నారు, చాలా మంచిది. 2019లో తెరిచిన 120 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ పైకప్పు తోటకు ముందస్తు టికెట్టు అక్కరలేదన్నది ఇంకా మంచిది. అది సాధ్యమేనని దానివల్లే రుజువైంది. కాబట్టి ఇకముందు పైనున్న ఏ ప్రజాస్థలంలోనైనా తెరిచి ఉండే ప్రతి గంటలోనూ కనీసం సగం చోటును నమోదు లేకుండా నడిచి వచ్చేవారికే ఉంచాలని షరతు రాయండి. అంతకన్నా ముందు, పైన ఇచ్చినదాన్ని కింద తీసుకున్నదానికి సాటిగా లెక్క వేయకండి. నేల మీద ఎన్ని అడుగుల బల్లలు, ఎంత నీడ, ఎంత ఎండ, మంచినీటి కుళాయి ఉందా, మరుగుదొడ్డి ఉందా అన్నవి అనుమతి పత్రంలోనే అంకెలతో ఉండాలి. భవనం ముందున్న స్థలం ప్రైవేటుదైతే దాని సరిహద్దు నేల మీద కనబడాలి. అక్కడ ఏది కూడదో ఒక పలక మీద రాసి ఉండాలి. తినడం, కూర్చోవడం, ఊరికే నిలబడటం ఆ కూడనివాటిలో ఉండకూడదు.

ఇది ఊహించుకుని అడుగుతున్నది కాదు. 1 అండర్‌షాఫ్ట్ విషయంలో మీరే చేసి చూపించారు. 309 మీటర్లకు పైగా ఎత్తుతో, నది అవతలి షార్డ్ ఆకాశహర్మ్యానికి సమానంగా లేవబోయే ఆ భవనం సవరించిన నమూనా, సెయింట్ హెలెన్స్ చౌకును తినేస్తోందని అభ్యంతరాలు వచ్చినప్పుడు, 2024 జూలైలో మీ సంఘం దాన్ని వాయిదా వేసింది. నమూనా మార్చుకుని వచ్చాకే డిసెంబరులో ఆమోదించింది. ఆ అయిదు నెలల్లో నగరం ఏమీ కూలిపోలేదు, పెట్టుబడి పారిపోలేదు. ఎన్ని అడుగుల నేల మిగిలిందన్న దాని మీద నాకు ఇంకా అసంతృప్తి ఉంది కానీ, నేల గురించి అడిగితే వాయిదా పడుతుందన్న సంగతి ఒక్కసారి రుజువైంది. మిగతావాటికి కూడా అదే పద్ధతి కావాలి.

ఆకాశహర్మ్యాలంటే నాకు పగ అని మీరు అనుకోకూడదు. నా జీతం అలాంటి దానిలోంచే వస్తుంది. హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని మా జట్టు కూర్చునేది కూడా ఇలాంటి గాజు గోడల వెనకే. ఏప్రిల్‌లో వీడియో కాల్‌లో వాళ్ళ వెనక తెరలన్నీ దించి, దీపాలు వేసి ఉంటాయి. బ్రిటన్‌లో ఆ ఏటి అతి వికారమైన కట్టడానికి ఇచ్చే కార్‌బంకుల్ కప్ 2015లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌కు దక్కినప్పుడు చాలామంది నవ్వుకున్నారు, నాకు మాత్రం అందచందాల గురించి తగవు లేదు. డిసెంబరు సాయంత్రాల్లో నది అవతలి నుంచి చూస్తే దాని తల మీద వెలుగు బాగానే ఉంటుంది. దూరం నుంచి బాగుండే భవనానికి దగ్గర్లో నడిచేవారే మీ దగ్గరకు వచ్చి మాట్లాడే వీలు లేనివారు, అంతే నా బాధ. మీ సమావేశాలు పనిదినాల్లో పగటిపూట జరుగుతాయి; ఎత్తైన భవనం దరఖాస్తు ఉన్న రోజున అయినా, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్య ఒక గంటను ఆ చుట్టుపక్కల పనిచేసేవారి మాటకు కేటాయించగలరేమో ఆలోచించండి. టై కట్టుకున్నవారి కన్నా చీపురు పట్టుకున్నవారికి చెప్పడానికి ఎక్కువ ఉంటుందని నా నమ్మకం.

చివరిగా ఒక ఆహ్వానం. ఆగస్టు ఆఖరి వారంలో మీకు వీలైన రోజు, మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఫిల్‌పాట్ లేన్ మూలన ఆ ఎలుకల కింద నిలబడి ఉంటాను. అక్కడి నుంచి ఈస్ట్‌చీప్ దాటి, భవనం చుట్టూ ఒకసారి తిరిగి, సెయింట్ డన్‌స్టన్ తోట దాకా వెళ్దాం. నెమ్మదిగా నడిచినా పావుగంటకు మించదు. భోజనం డబ్బా నేను తెస్తాను, గొడుగు మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి.

భవదీయుడు,
ఈస్ట్‌చీప్ మీదుగా నడిచి వెళ్ళే ఒక ఉద్యోగి,
ఈస్ట్ హామ్, లండన్.